డాబా మనది, పైన ఎవరెవరు? సెల్ టవర్ ఒప్పందాలపై తరచూ అడిగే ప్రశ్నలు

విశాఖ సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ లెక్కలు నాలుగేళ్లు నేనే రాశాను. ఒక ఆదివారం రైతుబజారు నుంచి కూరల సంచితో వచ్చేసరికి లిఫ్టు ముందు నలుగురు కుర్రాళ్లు, వాళ్ల చేతుల్లో నిలువెత్తు తెల్ల యాంటెన్నా. మేం డాబా ఇచ్చింది ఒక్క కంపెనీకి, ఈ సామాను వేరే కంపెనీది. పోట్లాడదామని అగ్రిమెంట్ తీస్తే తొమ్మిదో పేజీలో ఒక్క వాక్యం మా నోరు కట్టేసింది. ఇరుగుపొరుగు అసోసియేషన్లవాళ్లు అప్పట్నుంచీ నన్ను అడుగుతున్న ప్రశ్నలివి.

ఒక కంపెనీకి ఇస్తే ఇంకో కంపెనీ ఎలా ఎక్కుతుంది?

మనతో సంతకం పెట్టించుకునేది చాలాసార్లు ఫోన్ కంపెనీ కాదు, టవర్ కంపెనీ. టెలికాం శాఖ దగ్గర ఐపీ-1 కింద నమోదయ్యే ఈ సంస్థలు స్తంభం, క్యాబిన్, బ్యాటరీలు, జనరేటర్ పెట్టి, ఆ చోటును ఫోన్ కంపెనీలకు అద్దెకిస్తాయి. బయట ఒకరి కస్టమర్లను ఒకరు లాక్కున్న ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాలే 2007లో కలిసి ఇండస్ టవర్స్ పెట్టుకున్నాయి. ఒకరికిచ్చి ఇంకొకరికి లేదనకూడదు, వివక్ష చూపకూడదు అన్నది ఐపీ-1 నమోదు షరతుల్లోనే ఉంది. కాబట్టి పంచుకోవడం నేరం కాదు. మనల్ని అడగాలా వద్దా అన్నది మాత్రం మన కాగితం తేలుస్తుంది. మా తొమ్మిదో పేజీలో ఫోన్ కంపెనీని ఉద్దేశించి ‘కస్టమర్’ అనాల్సిన చోట ‘కస్టమర్స్’ అని ఉంది. ఆ ఒక్క ‘ఎస్’ ఖరీదు మాకు ఆ ఆదివారం తెలిసింది.

వాళ్లలో వాళ్లు ఏం రాసుకుంటారు?

మనకు చూపించరు. కానీ దాని ప్రభావం మన నిద్ర మీద పడుతుంది. టవర్ కంపెనీకీ ఫోన్ కంపెనీకీ మధ్య ఒక పెద్ద ఒప్పందం, దాని కింద ఒక్కో సైటుకు ఒక ఆర్డరు ఉంటాయి. ఎంత ఎత్తున ఎన్ని యాంటెన్నాలు, ఎంత బరువు, ఎంత కరెంటు, అది దాటితే అదనంగా ఎంత అన్నవన్నీ అందులో రాసుకుంటారు. కరెంటు, డీజిల్ బిల్లు పంచుకోవడం, గడువుకు ముందే దిగిపోతే కట్టాల్సిన పరిహారం, టవర్ ఆగిపోతే బిల్లులో కోత కూడా ఉంటాయి. రాత్రి రెండింటికి టెక్నీషియన్ వచ్చి వాచ్‌మన్‌ను లేపేది ఈ కోత భయంతోనే. ఫోన్ కంపెనీకి ఇచ్చిన మాట కోసం టవర్ కంపెనీవాళ్లు మన దగ్గర ‘24 గంటల ప్రవేశం’ అని రాయించుకుంటారు. ఒప్పుకోండి, కానీ గుర్తింపు కార్డు, గేటు రిజిస్టర్లో సంతకం తప్పనిసరని దాని పక్కనే చేర్పించండి.

రెండో కంపెనీ వస్తే అద్దె పెరుగుతుందా?

దానంతటది పెరగదు. రాసుకుంటేనే పెరుగుతుంది. ఇక్కడ చాలామంది ‘ఒక్కో యాంటెన్నాకు ఇంత’ అని తెలివిగా రాయించామనుకుంటారు. అది పొరపాటు. టెలికాం శాఖ 2008 మార్గదర్శకాల నుంచి స్తంభమే కాదు, యాంటెన్నా, ఫీడర్ కేబుల్ కూడా కంపెనీలు పంచుకోవచ్చు. అలా చేస్తే డాబా మీద కొత్త సామాను ఏమీ కనబడదు, సిగ్నల్ మాత్రం ఇద్దరిది. ‘ఒక్కో ఆపరేటర్‌కు ఇంత’ అనీ, కొత్తవాళ్లు ఎక్కేముందు రాతపూర్వకంగా తెలపాలనీ ఉండాలి. మా ఒప్పందం గడువు తీరాక మేం ఇదే పట్టుబట్టాం. నెల రోజులు నాన్చి ఒప్పుకున్నారు.

బరువు మన భవనం మోస్తుందా?

ఈ ప్రశ్న విశాఖవాళ్లు గట్టిగా అడగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల దరిదాపు వేగంతో ఊరి మీద పడినప్పుడు ఫోన్లు మూగబోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు. యాంటెన్నా తూగే బరువు కంటే అది అడ్డుకునే గాలి ప్రమాదం. మొదటి కంపెనీ వచ్చినప్పటి స్ట్రక్చరల్ సర్టిఫికెట్ రెండో కంపెనీకి చెల్లదు. కొత్త సామాను ఎక్కిన ప్రతిసారీ కొత్త సర్టిఫికెట్ అడగండి. ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పట్టడం, స్లాబు కారడం వాళ్ల ఖర్చుతోనే బాగుచేయాలని రాయించండి.

పై అంతస్తు ఓనరు ఒక్కరే సంతకం పెట్టొచ్చా?

డాబా ఉమ్మడిదైతే కుదరదు. రెరా చట్టం ఉమ్మడి స్థలాల్లో టెర్రస్‌ను పేరుపెట్టి చెప్పింది. పాత భవనమైతే సేల్‌డీడ్ చూసుకోండి. సభ పెట్టి, తీర్మానాన్ని మినిట్స్‌లో ఎక్కించాకే సంతకం.

రిజిస్టర్ చేయించాలా?

ఏడాది దాటిన లీజుకు తప్పదు. లేకపోతే అందులోని షరతులను కోర్టులో రుజువు చేసుకోలేం.

టవర్ మీద పేరు మారింది. మన అద్దె ఏమవుతుంది?

2020 నవంబరులో టవర్ కంపెనీలు భారతీ ఇన్‌ఫ్రాటెల్, ఇండస్ కలిశాయి. 2024 సెప్టెంబరులో అమెరికన్ టవర్ భారత వ్యాపారాన్ని బ్రూక్‌ఫీల్డ్ సంస్థ కొనుక్కుంది. ఇలాంటప్పుడు పాత షరతులే కొత్త యజమానికీ వర్తిస్తాయని కాగితంలో ఉందో లేదో చూడండి. ఫోన్ కంపెనీలు తగ్గడం ఇంకో తలనొప్పి. 2018లో వొడాఫోన్, ఐడియా కలిశాయి, ఎయిర్‌సెల్ దివాలా తీసింది. ఒక ఆపరేటర్ దిగిపోతే అద్దె ఎంత తగ్గుతుందో, ఎవరి సామాను ఎన్ని రోజుల్లో ఎవరు దించాలో ముందే తేల్చుకోవాలి. మేం చూసిన కాగితాల్లో కంపెనీ నోటీసిచ్చి వెళ్లిపోవచ్చు, ఓనరు మాత్రం పొమ్మనలేడు. ఇది మార్చుకోదగిన షరతే.

ఆస్తి పన్ను?

2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం టవర్ మన భవనంలో భాగం కాదు. పన్ను లెక్కలోనూ, ఫ్లాటు అమ్మకంలోనూ అంతే. వచ్చే అద్దె మాత్రం ఆదాయమే.

ఆపరేటర్లు పెరిగితే రేడియేషన్?

2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు. ఆ సైటులో ఉన్న ఆపరేటర్లందరి సిగ్నల్ కలిపి దానికి లోబడాలి. తరంగ్ సంచార్ పోర్టల్‌లో రుసుము కట్టి కొలిపించుకోవచ్చు.

తగవొస్తే ఎక్కడికి?

కంపెనీల మధ్య తగవులు ఢిల్లీలోని టెలికాం ట్రిబ్యునల్ టీడీశాట్‌కు వెళ్తాయి. మనది ఒప్పందంలో రాసినట్టు మధ్యవర్తికో సివిల్ కోర్టుకో. ‘ఢిల్లీ కోర్టులు మాత్రమే’ అని ఉంటే కొట్టించి ‘విశాఖపట్నం’ అని రాయించండి. వాయిదాకోసారి రైలెక్కలేం.

‘ట్రాయ్ మీ డాబాను ఎంపిక చేసింది, ముందుగా ఫీజు కట్టండి’ అని ఫోన్ వచ్చింది. నిజమేనా?

మోసం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ టవర్లకు ఎన్ఓసీ ఇవ్వదు, ఎవరి దగ్గరా డబ్బు వసూలు చేయదు. పైసా పంపకండి, ఆ నంబరుపై టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో చక్షు కింద ఫిర్యాదు చేయండి.