పైపులైను ఆగిపోవు చోట

ఊరు పెరిగి, పాత ఓవర్‌హెడ్ ట్యాంకు చాలక, క్రొత్తదానిని ఎచ్చట కట్టవలెను, పైపులైను మొదట ఏ వీధికి వేయవలెను అను చర్చ పంచాయతీలో సాగుచుండగా, ఊరి చివరి వాడలవారు, అందునను నిత్యము బిందెలు మోయు స్త్రీలు, అది సర్పంచిగారును ఇంజనీరుగారును తేల్చుకొనవలసిన సంగతియని తలంచి వెలుపలనే నిలిచిపోవుట మిక్కిలి శోచనీయము. ఏలయన వారు లేని చర్చలో ఆ పైపు ఎవరి గుమ్మమునకు ముందే ఆగిపోవునో మనము ఎరుగనిది కాదు.

తాగునీరు ఒకరు దయతలచి పోయునది కాదు. గండిపేట, హిమాయత్‌సాగరుల రక్షణకై మన హైదరాబాదునుండి వెళ్లిన వ్యాజ్యమున, శుభ్రమైన తాగునీటిని అందించుట రాజ్యాంగపు 21వ అధికరణమును బట్టి ప్రభుత్వమునకు విధియని సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పినది. ప్రభుత్వధనముతో నిర్వహింపబడు బావులు, చెరువుల వాడకమున కులమును బట్టి ఎవరిని అడ్డగింపరాదని 15వ అధికరణము శాసించుచున్నది; కుళాయి అను మాట అందు లేకున్నను, దాని ఆశయము కుళాయికిని చెల్లునని నా దృఢవిశ్వాసము.

గ్రామ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును గ్రామసభకు సభ్యులే. కావున సభకు వెళ్లి లెక్క అడుగుడు. ఇంటింటికి కుళాయినీటి పథకమైన జలజీవన్ మిషన్ ప్రమాణము మనిషికి రోజుకు 55 లీటర్లు. అనగా రెండువేలమంది గల ఊరికి 1,10,000 లీటర్లు. క్రొత్త ట్యాంకు దినమునకు ఎన్నిమారులు నిండి ఆ నీటినిచ్చును? బోరు వేసవిలోను అంత ఇచ్చునా? పైవీధివారు కుళాయికి మోటారు బిగించి లాగుకొన్నచో చివరి ఇంటికి ధార ఎట్లు చేరును? ఈ ప్రశ్నలను నోటితో అడిగి ఊరకుండక, తీర్మానముల పుస్తకమున వ్రాయించి, దాని నకలు కోరవలెను.

నకలు ఈయనిచో 2005నాటి సమాచారహక్కు చట్టము కలదు. గ్రామస్థాయి కార్యాలయమున దరఖాస్తునకు రుసుము లేదు. 30 దినములలో సమాధానము రావలెను.

ట్యాంకు కట్టిన పిదపను మరువరాని సంగతి యొకటి కలదు. ఊరి తాగునీటి బోరునకు 250 మీటర్ల లోపల, తాగునీటి చేతిపంపునకు తప్ప, అనుమతి లేక ఎవరును క్రొత్త బోరు వేయరాదని నీరు, భూమి, చెట్ల రక్షణకై చేసిన 2002నాటి వాల్టా చట్టము నిషేధించినది. రిగ్గు బండి ఆ హద్దులోనికి వచ్చిన నాడే తహశీల్దారునకు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసి, అందినట్లు రశీదు పుచ్చుకొనుడు.