గ్లవ్స్ వేసుకుంటే చేతులు కడగక్కర్లేదా?

ప్రశ్న: కోవిడ్ రోజుల్లో పూర్ణా మార్కెట్‌కు వెళ్లినప్పుడల్లా గ్లవ్స్ వేసుకునేదాన్ని. మళ్లీ అలాంటి జబ్బు వస్తే వేసుకోవాలా డాక్టర్ గారూ?
– ఒక గృహిణి, అల్లిపురం

జవాబు: అక్కర్లేదమ్మా. మామూలు జనం బజారుకు వెళ్లడానికి గ్లవ్స్ అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అప్పట్లో చెప్పింది. కరోనా వైరస్ చర్మంలోంచి లోపలికి పోదు. ముక్కు, నోరు, కళ్ల దారినే పోతుంది. గ్లవ్స్ తొడిగిన చేత్తోనే వంకాయలు ఏరతాం, చిల్లర తీసుకుంటాం, ఫోన్ ఎత్తుతాం, జారిన మాస్కు సర్దుకుంటాం. మన విశాఖ ఉక్కపోతలో కాసేపటికే లోపల వేళ్లు నానిపోతాయి. చెమట తుడుచుకోవడానికి అదే చెయ్యి మొహం మీదికి వెళ్తుంది. ఉత్త చెయ్యి అయితే మురికైందన్న స్పృహ ఉంటుంది, ఇంటికి రాగానే కడుక్కుంటాం. గ్లవ్స్ ఆ స్పృహనే పోగొడతాయి. నా భయమంతా అక్కడే.

ఇంట్లో రోగికి వాంతులు, మలమూత్రాలు శుభ్రం చేసేటప్పుడు మాత్రం తప్పక వేసుకోండి. తీసేటప్పుడు మణికట్టు దగ్గర పైభాగం పట్టుకుని, లోపలివైపు బయటికొచ్చేలా లాగండి. వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోండి. మామూలు జనం వాడిన గ్లవ్స్‌నైతే కత్తిరించి, కాగితం సంచిలో 72 గంటలు ఉంచాకే చెత్తలో వేయాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సూచించింది. దయచేసి రోడ్డు మీద మాత్రం పడేయకండి. తెల్లవారుజామున ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులే వాటిని ఎత్తాలి.