కోలబంతి గిరగిర తిరిగితే

మీరు బొంగరం ఆడే ఉంటారు. తిరగని బొంగరాన్ని ములుకు మీద నిలబెట్టబోతే క్షణమైనా నిలవదు. తాడు చుట్టి విసిరితే మాత్రం నిటారుగా నిలిచి తిరుగుతుంది. ఈ తిరుగుడులోని బలాన్ని చక్కగా వాడుకున్న ఒక ఆటల జట్టు కథ ఇది.

అమెరికావారు 'ఫుట్‌బాల్' అని పిలిచే ఆట మన ఫుట్‌బాల్ కాదు. అందులో బంతిని చేత పట్టుకొని పరుగెత్తుతారు. బంతి కూడా గుండ్రంగా ఉండదు, ఒలవని కొబ్బరికాయలా కోలగా ఉంటుంది. వెనుకటి రోజుల్లో ఆ బంతిని ముందుకు విసరరాదని నియమం. అందుచేత ఆటగాళ్లు గుంపుగా కూడి ఎదుటివారి మీద పడి తోసుకుపోయేవారు. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం వస్తుందని మీరు చదువుకున్నారు గదా! పదిమంది బలిష్ఠులు ఒక్కటై దూసుకువస్తే ఆ ద్రవ్యవేగం ఎంతటిదో ఊహించండి. 1905లో ఈ ఆటలో 18 మంది మరణించినట్లు అప్పటి పత్రికలు లెక్కగట్టాయి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద విశ్వవిద్యాలయాల ప్రతినిధులను పిలిపించి మాట్లాడాడు. 1906లో నియమాలు మారాయి. బంతిని ముందుకు విసరవచ్చునన్నారు.

అయితే చాలా జట్లు పాత పద్ధతిని వదలలేదు. విసిరిన బంతి ఎవరికీ అందకపోతే 15 గజాలు వెనక్కి పోవాలి, ఒక్కొక్కప్పుడు బంతే ఎదుటివారి పరమవుతుంది. అంత నష్టానికి ఎవరు తెగిస్తారు?

తెగించినవారిలో ముఖ్యులు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ ఇండియన్ పాఠశాల విద్యార్థులు. 1879లో పెట్టిన ఆ బడి మామూలు బడి కాదు. అమెరికా ఆదివాసుల పిల్లలను తల్లిదండ్రులకు దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. జబ్బుపడి అక్కడే కన్నుమూసిన పిల్లలు ఎందరో. ఆ పిల్లలు ఆటస్థలంలో మాత్రం ఎవరికీ తలవంచలేదు.

వారు బరువులో తేలిక. తోపులాటలో నెగ్గలేరు. 1907లో శిక్షకుడు పాప్ వార్నర్ వారికి పరుగు మీద, బంతి విసరడం మీద ఆధారపడే ఆట నేర్పాడు. ఫ్రాంక్ మౌంట్ ప్లెజంట్, పీట్ హౌసర్ బంతిని గిరగిర తిప్పుతూ విసిరేవారు.

తిప్పకుండా విసిరితే కోలబంతి పల్టీలు కొడుతుంది. ఇప్పటి బంతి పొడవు సుమారు 28 సెంటీమీటర్లు, మందం 17 సెంటీమీటర్లు. మొన ముందుగా పోతే గాలికి ఎదురయ్యేది 227 చదరపు సెంటీమీటర్ల వృత్తం. అడ్డంగా తిరిగితే ఎదురయ్యేది 374 చదరపు సెంటీమీటర్లు! అప్పటి బంతి ఇంకాస్త లావు. పల్టీ కొట్టే బంతిని గాలి త్వరగా ఆపేస్తుంది, ఎక్కడ పడేదీ చెప్పలేం. పొడవాటి అక్షం చుట్టూ తిరిగే బంతికి కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది. గాలి దాని మొనను పైకి తోసినా అది తిరగబడదు. వాలిన బొంగరం పడిపోక తల తిప్పుతుందే, అలాగే బంతి అక్షం కూడా మెల్లగా పక్కకు తిరుగుతుంది. ఆ కదలిక వల్లనే దిగేటప్పుడు మొన తనంతట తాను కిందికి వంగి దారివెంట సాగిపోతుంది. ఇది అసలైన తమాషా!

అక్టోబరు 26న పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంతో ఆట. హౌసర్ విసిరిన బంతి దాదాపు 40 గజాలు గాలిలో సాగి గార్డ్‌నర్ చేతుల్లో పడింది. కార్లైల్ 26–6తో గెలిచింది. ఆ యేడు పెన్సిల్వేనియా ఓడింది ఈ ఒక్క ఆటే. తరువాత హార్వర్డ్ 23–15తో, మినెసోటా 12–10తో ఓడిపోయాయి. షికాగోతో ఆడినప్పుడు ఎక్సెండైన్ అనే ఆటగాడు గీత దాటి, ఎదుటి జట్టువారు కూర్చున్న చోటి వెనుకగా పరుగెత్తి, మళ్లీ లోపలికి వచ్చి బంతి పట్టాడట! షికాగో 18–4తో ఓడింది. మొత్తం 11 ఆటల్లో కార్లైల్ 10 గెలిచింది.

ఓడిన ఆ ఒక్క ఆట ప్రిన్స్‌టన్‌తో, 16–0. ఆ రోజు వాన. వేళ్లకూ తోలుకూ మధ్య ఘర్షణ ఉంటేనే బంతి తిరుగుతుంది. తడిసిన తోలు జారిపోతుంటే ఎవరు మాత్రం తిప్పగలరు?

మీరూ చేసి చూడండి. పాత గుడ్డలు గట్టిగా చుట్టి, పైన తాడు బిగించి కోలబంతి కట్టండి. ఒకసారి ఊరికే విసరండి, ఇంకొకసారి వేళ్లతో మెలితిప్పి విసరండి. అడుగులతో దూరం కొలవండి. ఆ తరువాత చేతులకు కాస్త సబ్బునీళ్లు రాసుకొని మళ్లీ ప్రయత్నించండి.