ఓబీ గుట్టకు ఎన్ని ట్రాలీల ఎరువు?

సింగరేణి ఓపెన్‌కాస్ట్‌ల పక్కన, బొగ్గు మీది పొరలు తవ్వి పోయగా లేచినవే ఓబీ గుట్టలు. పేరుకే మట్టి. గుప్పెట పడితే ఇసుకరాయి పొడి, వేలితో విరిస్తే రేకులుగా ఊడే షేలు ముక్కలు. సేంద్రియ పదార్థం నామమాత్రం, నీరు నిలవదు. ఇక్కడ గుంత తీసి మొక్క పెట్టి ఇంత యూరియా వేస్తే, నాలుగు వానలకే అది కొట్టుకుపోతుంది.

అసలు పని గని తెరవకముందే మొదలవ్వాలి. పైమట్టిని వేరుగా తీసి, తక్కువ ఎత్తున పోసి, వీలైనంత త్వరగా వాడాలి. ఏళ్లతరబడి పెద్ద కుప్పగా ఉంచితే అడుగున గాలి ఆడక అందులోని జీవం చస్తుంది.

గుట్ట వాలు 28 డిగ్రీలు మించకుండా మెట్లు కట్టి, చుట్టూ కాలువ తీయాలి. డంపర్లు తొక్కి గట్టిపడిన పైభాగాన్ని లోతుగా చీల్చాలి. పరీక్షలో ఆమ్లగుణం తేలితే ముందు సున్నం కలపాలి.

ఇక ఎరువు. అందరూ పిసినారితనం చూపేది ఇక్కడే. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు తూగుతుంది. అందులో సేంద్రియ పదార్థం ఒక్క శాతం పెరగాలంటే 9 టన్నులు కావాలి. మన పశువుల ఎరువులో తేమ, బూడిద, మన్ను తీసేస్తే మిగిలేది పావు వంతే అనుకుంటే, 30 టన్నులు దాటి వేయాలి. అంటే ట్రాక్టర్ ట్రాలీలు పదికి పైనే.

అంత పెంట ఊళ్లలో దొరకదు. తడిచెత్త కంపోస్టును గాజుపెంకులు ఏరి, భారలోహాలు పరీక్షించి వాడొచ్చు. మహారాష్ట్రలోని గుమ్‌గావ్ మాంగనీసు గని గుట్టల మీద నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు చక్కెర మిల్లుల్లో మిగిలే మడ్డి, ప్రెస్‌మడ్‌ను వాడారు, నత్రజనిని పట్టే బ్యాక్టీరియాను, వేరు శిలీంధ్రాలను తోడు చేసి. నన్నడిగితే చెరువు పూడిక మట్టిని కూడా కలపమంటాను. ఎరువు కొన్నాళ్లకు చివికిపోతుంది. పూడికలోని బంకమన్ను మిగిలి, ఇసుక గుట్టలో తేమను పట్టి ఉంచుతుంది.

రంపపు పొట్టు నేరుగా కలపకండి. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న కాస్త నత్రజనినీ లాగేసుకుంటాయి, మొక్క పసుపెక్కుతుంది. మాగిన ఎరువును చేత్తోనే పోల్చుకోవచ్చు: కుప్పలోకి మోచేతి దాకా పెడితే వేడి తగలదు, పేడ కంపు ఉండదు, పిడికిట నొక్కితే ముద్దవుతుంది కానీ నీరు కారదు.

రోహిణి కార్తెలో ఎరువు చల్లి కలిపేయాలి. మృగశిర వానలకు జనుము, జీలుగ, పిల్లిపెసర వేయాలి. పూతకు రాగానే చదునులో కలియదున్నాలి. వాలు మీద మాత్రం దున్నొద్దు, కోసి అక్కడే పరవాలి. మెట్ల అంచున వట్టివేరు నాటాలి. కానుగ, వేప, వెదురు మరుసటి ఏడు. తొలి ఏడే నిలువెత్తు మొక్కలు నాటి ఫొటోలు దిగాలన్న ఆత్రం అధికారులకు ఉంటుంది, ఎండాకాలానికి ఉండదు.

కంచె తప్పనిసరి. బతికిన మొక్కల లెక్క మూడో వేసవి దాటాకే రాయండి. అప్పటిదాకా మేకలను లోపలికి రానివ్వకండి.