మెదడులో గడ్డ – మనం తెలుసుకోవలసినవి



మేము హాస్టల్‌లో ఉన్నప్పుడు తోటి విద్యార్థికి ఒక రాత్రి ఫిట్స్ వచ్చాయి. మేమంతా చేతిలో తాళంచెవులు పెట్టాము. ఇంటివాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఐదు నెలల తరువాత తీసిన స్కాన్‌లో మెదడులో గడ్డ కనబడింది. ఆపరేషన్ జరిగింది గాని, కుడిచేతికి పూర్వపు బలం రాలేదు. ఆనాడు మాకు తెలియని సంగతులే ఈ వ్యాసం.

గడ్డలన్నీ క్యాన్సర్ కావు. మెదడును కప్పి ఉండే పొరల్లో పుట్టే మెనింజియోమా ఎక్కువగా నెమ్మదిగా పెరుగుతుంది. పూర్తిగా తీయగలిగితే చాలామంది కోలుకుంటారు. గ్లయోబ్లాస్టోమా అలా కాదు. మన ఆర్మూరు పసుపు చేనులో తుంగను పైన పీకితే కింది గడ్డ నుండి మళ్లీ మొలుస్తుంది కదా! ఈ క్యాన్సర్ కణాలు కూడా చుట్టూ ఉన్న మంచి మెదడులోకి పాకి ఉంటాయి. అమెరికా సర్జన్ వాల్టర్ డాండీ 1928లో వెల్లడించిన ప్రకారం, కొందరు రోగులకు మెదడులో కుడి సగమే తీసివేసినా వ్యాధి తిరగబెట్టింది.

అందుకే న్యూరోసర్జన్ పని కత్తితో ముగియదు. మాట, కదలిక చెడకుండా వీలైనంత గడ్డ తీయాలి. మెదడుకు నొప్పి తెలియదు కనుక, అవసరమైతే రోగిని మెలకువగా ఉంచి మాట్లాడిస్తూ ఆపరేషన్ చేస్తారు. తీసిన ముక్కను ప్రయోగశాలలో పరీక్షిస్తారు. 2005లో వెలువడిన పరిశోధనలో రేడియేషన్‌తోపాటు టెమోజోలమైడ్ మందు ఇస్తే రోగుల మధ్యగత ఆయుష్షు 12.1 నుండి 14.6 నెలలకు పెరిగింది. రెండున్నర నెలలే! పరిశోధన ఇంకా ఎందుకు కావాలో ఈ అంకె చెబుతుంది.

పసుపులోని కర్క్యుమిన్ ప్రయోగశాలలో ఈ కణాలను అణచింది. కాని తిన్న కర్క్యుమిన్ రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. పసుపు మన పంటే అయినా వైద్యానికి బదులు కాదు.

మన దేశంలో 1949లో వెల్లూరులో డాక్టర్ జేకబ్ చాందీ, 1956లో విశాఖపట్నంలో డాక్టర్ బాలపరమేశ్వరరావు ఈ శాఖను ప్రారంభించారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో మెదడు గడ్డల ఆపరేషన్లూ ఉన్నాయి.

తెల్లవారుజామున ఎక్కువయ్యే తలనొప్పి, వాంతులు, చూపు మందగించడం, ఒకవైపు బలహీనత, మాట తడబడటం, కొత్తగా ఫిట్స్ – వీటిలో ఏది కనబడినా డాక్టరుకు చూపించాలి. ప్రతి తలనొప్పీ గడ్డ కాదు, భయపడవద్దు. ఫిట్స్ వచ్చినవారిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. తాళంచెవులు తలుపుకే ఉండనివ్వండి.