రక్తము గడ్డకట్టకుండ జేయు మందు – ఫార్మసిస్టుని కర్తవ్యము

విద్యార్థులారా! ఇంటి పెద్దలకు మందులు తెచ్చుటకై అంగడికి పోవువారు తరచుగా మీరే. కావున నీ పాఠమును మీకొఱకే వ్రాయుచున్నాము.

గాయమైనపుడు రక్తము గడ్డకట్టుట ప్రాణరక్షకము. కాని యట్టి గడ్డ గుండెలో నేర్పడి మెదడునకు బోయినచో పక్షవాతము కలుగును. గుండెలో కృత్రిమ కవాటము నమర్చుకొనినవారి కీ భయము మెండు. దీనిని నివారించుటకు వైద్యులిచ్చు మందులలో వార్ఫరిన్ ముఖ్యమైనది. లోకులు దీనిని ‘రక్తమును పలుచచేయు మందు’ అందురు. నిజమునకది విటమిన్ ‘కె’ చేయు పనికి అడ్డుపడి, రక్తము గడ్డకట్టుటను మందగింపజేయును.

దీని చరిత్ర వింతయైనది. 1920 తరువాత నుత్తర అమెరికాలో, బూజుపట్టిన క్లోవరు గడ్డిని మేసిన పశువులు రక్తస్రావముచే చచ్చుచుండెను. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కార్ల్ పాల్ లింక్ అను రసాయనశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును అందలి విషపదార్థమును వేరుచేసిరి. దానిని బోలినదిగా వారు తయారుచేసిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వెలువడి, 1954లో నా దేశమున మనుష్యులకు ఔషధముగా నంగీకరింపబడెను.

కావున మోతాదు మిగుల ముఖ్యము. ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్షలో నారోగ్యవంతునకు సుమారు 1 వచ్చును. ఈ మందు వాడువారిలో పలువురకు 2కును 3కును నడుమ నుండవలెను. తగ్గిన గడ్డ భయము, హెచ్చిన రక్తస్రావ భయము.

ఈ త్రాసును కదలించునవి యనేకములు:

1. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు కడుపులో రక్తస్రావమును గలిగింపవచ్చును.
2. విరేచనములకు వాడు మెట్రోనిడజోల్, వార్ఫరిన్ శరీరమున త్వరగా విఱుగకుండ జేసి, దాని బలమును హెచ్చించును.
3. క్షయకు వాడు రిఫాంపిసిన్ దానిని త్వరగా విఱుగజేసి, బలమును తగ్గించును. ఇది మానిన పిమ్మట మోతాదును మరల సరిచేయకున్న నపాయము.
4. పాలకూర, మునగాకు వంటి యాకుకూరలందు విటమిన్ ‘కె’ విస్తారముగా నున్నది. వానిని మానవలసిన పనిలేదు. హెచ్చుతగ్గులు లేక భుజింపవలెను.

గుండెకొక వైద్యుడును, పంటికొక వైద్యుడును వ్రాసిన చీటులు రెండును చేరునది ఫార్మసిస్టు బల్లమీదికే. వానిని సరిపోల్చి చూచుట, నాటుమందులను గూడ నడిగి తెలిసికొనుట, అనుమానము గలిగిన వైద్యునకు దెలుపుట, రక్తపరీక్షను జ్ఞాపకము చేయుట అతని ధర్మము. మోతాదును తనంతట మార్చుట యతని పని కాదు.

అతడీ ధర్మమును నెరవేర్చుటకు మనము నోరు విప్పవలెను. “మా తాతగారు వార్ఫరిన్ వాడుచున్నారు” అని, నొప్పి మాత్ర కొనునపుడు సైతము చెప్పుడు. చిగుళ్లనుండి రక్తము కాఱినను, మలము నల్లబడినను, తలకు దెబ్బ తగిలినను వెంటనే వైద్యునియొద్దకు గొనిపొండు. భయపడి మందును మీయంతట మాన్పింపకుడు. మీరు చెప్పు నొక్కమాటయే పెద్దల ప్రాణమును గాపాడవచ్చును.