చేతి సైగయు మాటయే

పఠన భాగము: లూకా 1:57–64, యాకోబు 2:1–4



నోటిని కాచుకొనవలెనని మనము అనేక పర్యాయములు విన్నాము. అయితే చేయి కూడ మాటలాడునని ఎందరము తలంచుచున్నాము? చేతులు జోడించితిమా, అది గౌరవము. కుడిచేతికి ఎడమచేయి ఆనించి పెద్దలకు వస్తువు నిచ్చితిమా, అది వినయము. కూలి డబ్బులు ఎడమచేత అందించితిమా, అది అవమానము. నోరు తెరువకయే ఇంత చెప్పినాము!

1. సైగకు అర్థము వాడుకనుబట్టి కలుగును. మనము అరచేయి క్రిందికుంచి వ్రేళ్లు ఊపి పిలిచెదము. ఇంగ్లండు, అమెరికా దేశస్థులు సాధారణముగా అరచేయి పైకి త్రిప్పి పిలిచెదరు. మన పిలుపు వారికి పొమ్మన్నట్లు తోచవచ్చును. కావున మన ఉద్దేశము మంచిదైనంత మాత్రమున చాలదు. చూచువారికి ఏమి తోచునో అదియు విచారించవలెను.

2. సైగ మేలు చేయును. వలలు పిగులుచుండగా జాలరులు రెండవ దోనెలోని పాలివారిని సైగచేసియే పిలిచిరి (లూకా 5:7). జెకర్యా మాట పడిపోయియున్నప్పుడు బంధువులు అతనిని విడిచిపెట్టి బిడ్డకు పేరు పెట్టలేదు. సైగలతో అడిగిరి, అతడు పలకమీద వ్రాసెను. మన గ్రామములలో చెవిటి మూగవారు లేరా? వారి సైగలను పిల్లలు వెక్కిరించుచుండగా మనము నవ్వి ఊరకుందుమా? వారి సంజ్ఞా భాష వ్యాకరణముగల నిజమైన భాష. దాని పరిశోధనకును శిక్షణకును 2015లో ఢిల్లీలో ఒక జాతీయ కేంద్రము స్థాపింపబడినది. మనము పది సైగలైనను వారియొద్ద నేర్చుకొనినయెడల, కూటములో వారు ఒంటరిగా కూర్చుండరు.

3. సైగ గాయపరచును. వ్రేలు పెట్టి చూపుటను మానుమని యెషయా ఉపవాసమునుగూర్చిన బోధలోనే చెప్పెను (58:9). మోతుబరి వచ్చినప్పుడు అరచేయి చాచి ముందు కుర్చీ చూపి, పాలేరు వచ్చినప్పుడు ఒంటి వ్రేలితో గుమ్మము ప్రక్కను చూపుదుమా? ఏ సంఘ తీర్మానములోను వ్రాయని భేదమును ఆ వ్రేలు చెప్పివేయును. "నేనేమియు అనలేదే" అందుము. చేయి అన్నది గదా! అతడు మరల ఆదివారము రాకపోయిన, కారణము మరెక్కడ వెదకుదుము?

ఇంటిలో ఆలోచించుటకు:

ఈ వారము మన వ్రేలు ఎవరిని చూపెను?
మన అరచేయి ఎవరిని పిలిచెను?